నూటికి తొంభైనాలుగు

యూనివర్సిటీ పిల్లలకి వ్యాసరచన పోటీ.
అంశం: కృత్రిమ మేధ, సమాజం.
మూడో న్యాయనిర్ణేతకి జ్వరమొచ్చిందని
గణాంకాలు చెప్పుకునే నన్ను కూచోబెట్టారు.

దార్ఖాన్‌లో ఆ రాత్రి మైనస్ ముప్పై ఒకటి.
స్టాఫ్‌రూమ్ హీటరు మీద తడి చేతితొడుగులు,
ఫ్లాస్కులో ఉప్పు వేసిన పాల టీ,
నా ముందు ముప్పై ఎనిమిది వ్యాసాలు.
పేర్లు లేవు. మూలన నంబర్లు మాత్రం.

మొదటి పదిహేడూ "నేటి ఆధునిక యుగంలో" అంటూ మొదలయ్యాయి.
పద్దెనిమిదోది "ఆధునిక యుగమైన నేడు" అంది.
కొంచెం నయమని అర మార్కు ఎక్కువేశాను.
యంత్రం మనిషిని మింగేస్తుందని కొందరు,
యంత్రమే గట్టెక్కిస్తుందని కొందరు.
ఏ వ్యాసంలోనూ ఎవరూ టీ తాగరు,
ఎవరికీ జలుబు చెయ్యదు.

ఇరవై ఏడో నంబరు ఇలా ఉంది:

"మా నాన్న గొర్రెల్ని లెక్కపెట్టడు.
పొద్దుగూకే వేళ దొడ్డి దగ్గర నిలబడి చూస్తాడంతే.
చెవి తెగినది రాలేదంటాడు.
నిరుడు కవలల్ని ఈనింది రాలేదంటాడు.
గుర్రమెక్కి వెతకడానికి పోతాడు.

లెక్కలు బ్యాంకువాళ్ళకి కావాలి.
మునుపు చోయ్‌జమ్స్ గారు మోటారుసైకిలు మీద వచ్చేవారు.
వేలు ఊపుతూ లెక్కపెట్టి, సగంలో మర్చిపోయి,
మా ఇంట్లో మాంసం పులుసు తాగి
మళ్ళీ ఒకటి నుంచి మొదలెట్టేవారు.
ఇప్పుడు ఆకాశంలోంచి ఫొటో తీస్తే
యంత్రం లెక్క తేలుస్తుంది.

పోయిన ఫిబ్రవరిలో, మంచు పడ్డ మర్నాడు తీశారు.
పదకొండు నల్లమేకలు కనబడ్డాయి.
రెండువందల ఆరు తెల్లగొర్రెలూ మంచు కింద జమ.
మా కుక్కని కూడా మేకగా రాసుకున్నారు కాబట్టి
మా ఆస్తి మొత్తం పన్నెండు.
పన్నెండు మేకలవాడికి
గడ్డి కొనడానికి అప్పెవడిస్తాడు?"

చదవడం ఆపి టీ పోసుకోబోయాను.
కప్పు నిండుగానే ఉంది.

ఆ యంత్రం నాకు తెలుసు.
పరీక్షించి చెప్పమని బ్యాంకువాళ్ళు నాకే ఇచ్చారు.
రెండు వేసవి నెలలు, నాలుగువేల ఫొటోలు,
పచ్చగడ్డి మీద ఆరబెట్టిన పెరుగు ముక్కల్లా
ఎంత స్పష్టంగా ఉండేవో ఆ గొర్రెలు!
నూటికి తొంభైనాలుగు సరిపోయాయని
నీలం సిరాతో సంతకం చేశాను.
అన్నీ వేసవి ఫొటోలేనని రాశానా అంటే, రాశాను.
అడుగున. చిన్న అక్షరాల్లో.
ఆ డబ్బుతోనే మా వంటింటికి
గాలి చొరని కొత్త కిటికీ పెట్టించాను.

మిగతా ఆరు శాతం
బోర్డు మీద చెయ్యి తగిలితే చెరిగిపోయే అంకె.
దానికో చెవి తెగి ఉంటుందని
ఏ తరగతిలోనూ చెప్పలేదు నేను.

పేజీ తిప్పితే ఇంకా నాలుగే వాక్యాలు:

"ఇప్పుడు నాన్న ప్రతి గొర్రె వీపు మీదా ఎర్రరంగు పూస్తున్నాడు.
పైనున్నదానికి కనబడాలని.
సెలవుల్లో నేనూ పూశాను, ఎంత కడిగినా మా చేతుల ఎరుపు పోలేదు.
గొర్రెపిల్లలు మాత్రం తల్లిని ఇంకా వాసనతోనే వెతుక్కుంటున్నాయి."

పదిహేనువందల మాటలుండాలి, నాలుగొందలకి మించి లేవు.
ఆధారగ్రంథాల పట్టిక లేదు.
ముందే చదివిన నోర్జ్మా మేడమ్ అంచున పెన్సిలుతో
"కథ బాగుంది, విశ్లేషణ ఏదీ?" అని రాసింది.
ఆమె అడిగిందీ న్యాయమే.

మార్కుల గడిలో ఏ అంకె వెయ్యబోయినా
కాకిలెక్కలాగే తోచింది.
"దీనికి నేను మార్కులు వెయ్యకూడదు.
ఇందులో నేనున్నాను"
అని రాసి సంతకం చేశాను.
అదే నీలం సిరా. ఈసారి పైన, పెద్ద అక్షరాల్లో.

మొదటి బహుమతి పద్దెనిమిదో నంబరుకి వచ్చింది.
సభ అయ్యాక, కోట్లు తగిలించే చోట నిలబడి
బయటికెళ్ళే పిల్లల చేతులు చూస్తున్నాను.

అందరూ తొడుగులు వేసుకునే ఉన్నారు.